ఎస్తేరమ్మ కట్టిన డ్యాం

ఎస్తేరమ్మ ఒక డ్యాం కట్టింది. ఆమె మాట నమ్మేవాళ్లకు ఆ డ్యాం ఆమె ఒక్కతే కట్టింది. ఇంజనీర్లూ, మేస్త్రీలూ, నాలుగు వేల మంది కూలీలూ ఆమెకు చేతిసాయం చేయడానికి వచ్చారు, అంతే. మల్దకల్ దాటాక వచ్చే ఆ చిన్న ఊళ్లో ఈ సంగతి తెలియని మనిషి లేడు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకు మొదటి వారంలోనే హెచ్చరిక అందుతుంది: "ఆ అరుగు మీద కూసున్న ముసలామెను జర తప్పించుకొని పో. డ్యాం ముచ్చట ఎత్తిందంటే పొద్దుగూకుతది."

ఇంతకీ ఆ డ్యాం ఏ రాష్ట్రంలో ఉందయ్యా అంటే మాత్రం ఆమెకు తెలియదు. "రైలు దిగినంక ఒక దినమంత లారీల పోవాలె. నీళ్లు ఉప్పగుండె. ఆడోళ్లు ముక్కులకు ఇంతింత పోగులు పెడుతుండిరి." ఆమె భూగోళం అక్కడితో సరి. కానీ డ్యాం ఎత్తు మాత్రం గజాల్లో చెబుతుంది, చెప్పిన ప్రతిసారీ ఒక గజం పెంచుతుంది.

"ఈ లెక్కన నువ్వు ఇంకో పదేండ్లు బతికితే మబ్బులకు తగులుతది జేజీ," అని మనవడు ఉదయ్ కిరణ్ ఆటపట్టించేవాడు.

"తగల్నీ. వాన పడతది," అనేది ఎస్తేరమ్మ.

ఆడవాళ్లకు బస్సు ఉచితమైన దగ్గర్నుంచీ ఆమెకు కాళ్లు ఒక చోట నిలవడం లేదు. ఆధార్ కార్డు కొంగున ముడేసుకుని ఊరూరా తిరిగి, కనిపించిన కట్టడాన్నల్లా తనిఖీ చేస్తుంది. గద్వాల బస్టాండు గోడను వేలి కణుపుతో కొట్టి చూసి "ఇసుక ఎక్కువైంది" అని తేల్చింది. బీచుపల్లి బ్రిడ్జి మీద పోతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి "ఫర్వాలేదు" అంది. జూరాల ప్రాజెక్టును చూసి మూతి విరిచింది. "మా డ్యాం ముందల ఇది బర్లు కడిగే కుంట," అంది పక్కనే నిలబడ్డ కానిస్టేబుల్ వినేటట్టు. పాపం, అతను ఆమెను అక్కడి నుంచి పంపడానికి టీ కూడా ఇప్పించాడు.

నవ్వుకోవడానికి ఇదంతా బాగానే ఉంటుంది కానీ, ఆమె ఒట్టి గొప్పల మనిషి కాదు. పందొమ్మిదేళ్లకు సామ్యూల్‌ను పెళ్లి చేసుకున్న నెలకే బుచ్చన్న మేస్త్రీ గుంపులో లారీ ఎక్కింది. ఆ గుంపుల్లో మనుషుల్ని ఒక్కొక్కరుగా లెక్కపెట్టరు, జతలుగా లెక్కపెడతారు. మొగుడు పార, పెళ్లాం తట్ట. ఒకరు లేకుంటే రెండోవాళ్లు పనికిరారు. అట్లా ఇరవై రెండేళ్లు, ఎవరెవరి రాష్ట్రాల్లోనో కాలవలు, సొరంగాలు, కట్టలు. చివరికి రాళ్ల దుమ్ము సామ్యూల్ ఊపిరితిత్తుల్లో చేరి ఆయన్ను తీసుకుపోయింది. కొడుకు ఇప్పుడు పుణెలో ప్లాస్టరింగ్ పనిలో ఉన్నాడు. ఇంట్లో ఉండేది ఎస్తేరమ్మ, కోడలు గీత, హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తూ పండక్కో పబ్బానికో వచ్చే ఉదయ్ కిరణ్.

ఆ ఉదయ్ కిరణే పోయిన ఏడాది ఒక బాంబు వేశాడు. ఆ మాట ఇక్కడ వాడకూడదేమో, ఎందుకంటే అతడు పోతానన్న దేశంలో నిజం బాంబులే పడుతున్నాయి. టీవీలో ఎర్ర అక్షరాలతో రోజూ చూపించే దేశమే. అక్కడ మేడలు కట్టేవాళ్లు కరువయ్యారట. వనపర్తిలో మహేందర్ అనే ఏజెంటు ఆఫీసు తెరిచి కుర్రాళ్లను పంపుతున్నాడు. ఉదయ్ కిరణ్ పరీక్షకు పోయి, రెండు గంటల్లో కాంక్రీటు స్తంభం పోయడానికి చెక్కల పెట్టె కొట్టి చూపించి పాసయ్యాడు. పాస్‌పోర్టు కూడా ఏజెంటు చేతిలో పెట్టి వచ్చాడు. సోమవారం కాగితాల మీద సంతకం పెడితే అయిపోయినట్టే.

"యుద్ధం నడుస్తుంది గదరా ఆడ!" అంది ఎస్తేరమ్మ.

"నువ్వే గద జేజీ చెప్తివి? పాలమూరోడు పోని తావు లేదంటివి. కొండను పగలగొట్టేటప్పుడు మందుపాతర నెత్తి మీద పేలినా తట్ట దించలేదంటివి. గిప్పుడేమో నన్ను వద్దంటున్నవ్."

ఇదిగో, ఇక్కడ దొరికిపోయింది ఎస్తేరమ్మ. అన్నం తినిపిస్తూ చెప్పింది, జోల పాడుతూ చెప్పింది, జ్వరమొస్తే పక్కన కూర్చుని చెప్పింది. ఇరవై మూడేళ్లు చెప్పిన గొప్పలన్నీ ఒక్కసారి లేచి నిలబడి ఆమెకే ఎదురు తిరిగాయి.

ఊరుకుంటుందా మరి? మొదట మోకాళ్ల నొప్పి పెట్టింది. మర్నాడు కళ్లు తిరిగాయంది. మూడో రోజు "నేను పోతున్న, నన్ను సామ్యూల్ పక్కన బొంద పెట్టుండ్రి" అని ప్రకటించి మంచమెక్కింది. గీత దవాఖానకు తీసుకుపోదామని చీర మార్చుకుని వచ్చేసరికి, చావబోయే మనిషి వంటింట్లో నిలబడి పల్లీల చట్నీతో మూడో జొన్నరొట్టె తింటోంది.

"అత్తా, పానం ఎట్లుంది?" అంది గీత చేతులు కట్టుకుని.

"రొట్టె తింటే జర కుదుటపడ్డది," అంది ఎస్తేరమ్మ, సిగ్గన్నది లేకుండా.

ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఉదయ్ కిరణ్‌ను ముందుకు పిలిచి, వీసా తొందరగా రావాలని గొంతెత్తి ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. వెనక వరుసలో ఎస్తేరమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, రావద్దని చేసింది. ఒకే ఇంటి నుంచి ఒకే నిమిషంలో రెండు అర్జీలు. పాపం, దేవుడికి కూడా పరేషానే.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక మహేందర్ పంపిన వీడియో ఒకటి ఫోన్లో వచ్చింది. ఉదయ్ కిరణ్ తల్లినీ నాయనమ్మనూ చెరోపక్క కూర్చోబెట్టుకుని చూపించాడు. అక్కడ వీళ్లుండబోయే గదులట. ఇనుప మంచాలు, గోడకు మేకులు, మూల గ్యాస్ స్టవ్. స్టవ్ మీద ఒక కెటిల్, పక్కన అరడజను గాజు గ్లాసులు, సగం వాడిన చక్కెర డబ్బా. "అన్నీ రెడీగున్నయ్ తమ్మీ," అంటోంది మహేందర్ గొంతు. "గిన్నెలు గూడ కొనేది లేదు. బ్యాగు వట్టుకొని పోవుడు, వండుకొని తినుడు."

"మంచిగుంది గద!" అంది గీత. కొడుకు గిన్నెలు ఎట్లా మోసుకుపోతాడా అని ఆమెకు నాలుగు రోజులుగా బెంగ.

ఎస్తేరమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుంది. "మల్ల చూపెట్టు," అంది. మళ్లీ చూసింది. "ఎవరివిరా ఆ గిలాసలు?"

"ఎవరివో. ముందు పనిచేసినోళ్లవి ఉంటయ్."

"వాళ్లు యాడికి వోయిండ్రు?"

"నాకేం తెల్సు జేజీ? పోయిండ్రు."

"చక్కెర ఇడిసిపెట్టి పోయిండ్రా?"

ఉదయ్ కిరణ్ నవ్వాడు. గీత కూడా నవ్వింది. ఎస్తేరమ్మ నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం ఆ ఇంట్లో అంత మామూలు సంగతి కాదు కాబట్టి ఇద్దరూ నవ్వు ఆపేశారు.

"కూసో. నీకొకటి చెప్పాలె," అంది. "డ్యాం ముచ్చటనే."

"అబ్బా, జేజీ..."

"ఇది నువ్వినలే. ఎవ్వరూ ఇనలే."

బుచ్చన్న గుంపులో ఆడవాళ్లకు ఒక పట్టింపు ఉండేది. పని ముగిసి గుడిసె వదిలి పోయేటప్పుడు పొయ్యి రాళ్లు మూడూ పెకిలించి, బోర్లా తిప్పి, బూడిద మీద చెంబెడు నీళ్లు చల్లాలి. లారీవాడు హారన్ కొడుతున్నా సరే, మేస్త్రీ అమ్మనాబూతులు తిడుతున్నా సరే. పొయ్యిని నిలబెట్టి పోతే మన తిండి అక్కడే ఉండిపోతుందని భయం. ఎస్తేరమ్మ ఒకసారి రైలు తప్పిపోయే వేళ కూడా వెనక్కి పరుగెత్తి రాళ్లు తిప్పి వచ్చింది. సామ్యూల్ ఆ సంగతి చచ్చేదాకా దెప్పాడు.

డ్యాం దగ్గర లారీ దిగిన రోజున వాళ్లకు కట్టి ఉన్న గుడిసెలే చూపించారు. వరుసగా ఎనభై గుడిసెలు. గుంపులో అందరికీ సంబరం, ఎప్పుడూ గుడిసెలు తామే కట్టుకోవాలి మరి. ఎస్తేరమ్మ తనకిచ్చిన గుడిసెలోకి పోయి చూస్తే పొయ్యి నిలబడి ఉంది. రాళ్ల మీద సట్టి కూడా ఉంది. పక్క గుడిసెకు పోయింది, అక్కడా నిలబడే ఉంది. ఎనభై గుడిసెలూ తిరిగింది. ఎనభై పొయ్యిలూ నిలబడే ఉన్నాయి.

"నేనేమనుకుంటినో చెప్పనా?" అంది మనవడితో. "ఏదో జాతరకు వోయిండ్రు, మల్లొస్తరు అనుకుంటి. పొయ్యి తిప్పకుండ ఎవరన్న పోతరా? మంది పొయ్యి ముట్టుకునుడెందుకని బయట మూడు రాళ్లు వెట్టి వండితి. ఎనిమిది దినాలు. అందరూ నన్ను చూసి నవ్విరి. మీ తాత గూడ నవ్వె. చుట్టాలొస్తరని చూస్తున్నవా అనె."

తొమ్మిదో రోజు వాన దంచి కొట్టింది. బయట పొయ్యి కొట్టుకుపోయింది. గుడిసెలో మట్టి గోడకు అక్కడక్కడా ఉన్న బొక్కల్లోంచి జల్లు లోపలికి వస్తుంటే, సామ్యూల్ పిడికెడు మట్టి తడిపి పూడ్చడానికి కూర్చున్నాడు. ఒక బొక్కలో వేలు పెట్టాడు. పెట్టినవాడు అట్లాగే ఉండిపోయాడు. అన్ని బొక్కలూ ఒకటే సైజు. అన్నీ నడుము ఎత్తున.

"ఏందయ్య?" అంది ఎస్తేరమ్మ.

"ఎలుకలు," అన్నాడు సామ్యూల్.

"ఎలుకలే," అంది ఎస్తేరమ్మ. ఇద్దరూ కలిసి పూడ్చారు. ఆ సాయంత్రం ఆమె లోపలి పొయ్యి వెలిగించింది.

మజ్జిగ అమ్మడానికి వచ్చే ఒక ఆవిడ తర్వాత సంగతంతా చెప్పింది. భాష తెలియదు కాబట్టి చేతులతో చెప్పింది. కొండచరియ విరిగి పడిన తీరు చూపించింది. వేళ్లు లెక్కపెట్టి ఎంతమంది చచ్చారో చూపించింది. శవాలు బయటికి తీసేదాకా పనిలోకి దిగమని మిగతావాళ్లు నేల మీద చతికిలబడిన తీరు తనూ చతికిలబడి చూపించింది. ఆ తర్వాత నెత్తి మీద టోపీ ఉన్నట్టు పెట్టుకుని, చెయ్యి చాపి, వేలు గురిపెట్టింది. అది భాష లేకున్నా అర్థమైంది. చివరికి మిగిలినవాళ్లను ఎక్కించుకుపోయిన లారీలు చూపించింది. ఎస్తేరమ్మ వాళ్లను దింపిన లారీలే.

ఆ రాష్ట్రంలో పోలీసులు కూలీల మీద తుపాకులు పేల్చిన వారానికి పాలమూరు నుంచి నూట అరవై మంది దిగి, మారు మాట లేకుండా పని అందుకున్నారు. అదీ ఎస్తేరమ్మ గజం గజం పెంచి చెప్పుకునే గొప్ప.

"మరి నువ్వు పని ఇడిసిపెట్టినవా?" అన్నాడు ఉదయ్ కిరణ్.

"లేదు."

"తెల్సినంక గూడనా?"

"మూడేండ్లు చేస్తిమి. బుచ్చన్న మేస్త్రీ అందర్ని కూసోవెట్టి, అడగొద్దు, మనకెందుకు అనె. అడగలే."

గీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉదయ్ కిరణ్ లేచి నిలబడ్డాడు. వాడికి కోపం వచ్చింది, అది ఎవరి మీదో వాడికే తెలియలేదు. "ఇరవై యేండ్ల సంది డ్యాం డ్యాం అని చెవులు పగలగొడితివి గద జేజీ! రేపు సంతకం వెట్టాలె, గిప్పుడు చెప్తున్నవా?" అని చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఎస్తేరమ్మ అరుగు మీద ఒంటరిగా మిగిలింది. వాడు పోతాడు అనుకుంది. నా మాట వినడు, వినాలని చెప్పడానికి నాకు ముఖం కూడా లేదు, పోతాడు అనుకుంది. ఆ సాయంత్రం ఎదురింటామె వచ్చి ఏం వదినా ఉలుకూ పలుకూ లేదని అడిగితే, పళ్లు నొప్పి అని చెప్పింది. ఆమె నోట్లో ఉన్నవి నాలుగు పళ్లు.

సోమవారం పొద్దున ఉదయ్ కిరణ్ బస్సెక్కి కూర్చున్నాక చూస్తే, రెండు సీట్ల ముందు ఎస్తేరమ్మ ఉంది. కొంగు ముడి విప్పి కండక్టరుకు ఆధార్ చూపిస్తోంది.

"నువ్వెందుకొస్తున్నవ్?"

"నాకు ఫిరీ. నీకేం ఖర్చా?" అంది వెనక్కి తిరగకుండా.

బస్సు గద్వాల దాటింది. ఎర్రవల్లీ దాటింది. బీచుపల్లి బ్రిడ్జి మీద కూడా ఆమె తల బయటికి పెట్టలేదు.

వనపర్తిలో మహేందర్ ఆఫీసు ఒక మెడికల్ షాపు మీద, మేడ మెట్లెక్కి పోవాలి. అప్పటికే నలుగురు కుర్రాళ్లున్నారు. గోపాల్‌పేట వాళ్లిద్దరు, నాగర్‌కర్నూల్ వైపు వాళ్లిద్దరు. మహేందర్ చెడ్డవాడేమీ కాదు. కుర్చీ తుడిచి మరీ పెద్దమ్మను కూర్చోబెట్టాడు. కూర్చున్న వెంటనే ఆమె గోడను వేలితో కొట్టబోయి, ఎందుకో మానేసింది. మహేందర్ కాగితాలు పరిచి, పెన్ను టోపీ తీసి ఉదయ్ కిరణ్ చేతికిచ్చాడు.

ఎస్తేరమ్మ చూపు ఆ పెన్ను మీదనే ఉంది. నోరు తెరిస్తే వాడు పంతానికి సంతకం పెడతాడని భయం. ఆమె బతుకులో నోరు మూసుకోవడానికి అంత కష్టపడింది అప్పుడే.

పెన్ను కాగితం దాకా పోయి ఆగింది. "అన్నా, ఒక మాట," అన్నాడు ఉదయ్ కిరణ్. "మాకంటె ముందుగాల ఆడ పనిచేసినోళ్లు ఎవరు?"

"ఎవరైతే ఏంది తమ్మీ? ఆ పక్కపొంటి ఊర్లోళ్లే. రోజూ పొద్దుగాల వచ్చి, ఆ గదులల్ల చాయ వెట్టుకొని తాగి, మాపటికి పోయేటోళ్లట."

"గిప్పుడేమైన్రు?"

మహేందర్ కుర్చీలో వెనక్కి వాలాడు. అబద్ధం చెప్పొచ్చు, కానీ ఎందుకో చెప్పలేదు. "వాళ్లను రానిస్తలేరు. వాళ్ల ఊర్ల మీదనే గద యుద్ధం నడిచేది. అందుకే మిమ్ములను పిలుస్తున్నరు. మీరు పోకుంటే ఇంకొకళ్లు పోతరు. నేను పంపకుంటే ఇంకొకడు పంపుతడు. నీదేం తప్పున్నది ఇందుల?"

అది నిజమే. ఉదయ్ కిరణ్ పెన్నుకు టోపీ పెట్టి బల్ల మీద ఉంచాడు.

"నా పాస్‌పోర్టు ఇయ్యన్నా."

మహేందర్ అరగంట నచ్చజెప్పాడు, కాసేపు విసుక్కున్నాడు, చివరికి సొరుగు లాగి ఇచ్చాడు. నాగర్‌కర్నూల్ కుర్రాళ్లలో ఒకడు తన కాగితం వంక చూస్తూ ఆలోచనలో పడ్డాడు. మిగతా ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఒకడు ఉదయ్ కిరణ్‌ను చూసి "పిచ్చోడు" అన్నాడు, మరీ మెల్లగా కూడా కాదు.

తిరుగు బస్సులో మాత్రం ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. ఉదయ్ కిరణ్ పాస్‌పోర్టును జేబులో పెట్టుకోవడం, తీసి చూసుకోవడం, మళ్లీ పెట్టుకోవడం. పెబ్బేరు దాటాక అన్నాడు: "రెండేండ్లు వోయొస్తే ఇల్లు కడుదుము జేజీ. అమ్మకు చెప్పి ఉంటి."

"తెల్సు."

"నాకు కోపంగనే ఉంది నీ మీద."

"ఉండనీ."

ఆమె వైపు తిరిగి మళ్లీ అడిగాడు. "గా మాట అడగనీకె నాకు ఒక్క నిమిషం వట్టె. నువ్వు మూడేండ్లల్ల ఎందుకడగలే?"

ఎదుటివాడు ఒక మాటంటే తొమ్మిది అప్పజెప్పే మనిషి ఎస్తేరమ్మ. ఇప్పుడు కిటికీ చువ్వ పట్టుకుని ఒక్కో మాటా ఏరుకుంది.

"భయమైంది కొడుకా. అడిగితే మమ్ముల గూడ లారీ ఎక్కిస్తరని భయం. మీ నాయన కడుపుల ఉండె. ఊర్ల తాగనీకె నీళ్లు లేకుండె. గంతే. భయమే. తర్వాత సిగ్గయింది, గందుకే గొప్పలు చెప్తి."

"ఒక్కరి పేరన్నా తెల్సునా నీకు, ఆ గుడిసెలల్ల ఉన్నోళ్లది?"

ఆమె తల అడ్డంగా ఊపబోయి, ఆగింది.

"పొయ్యి మీద సట్టి ఒకటే గాదు, ఇత్తడి గిన్నె గూడ ఒకటి ఉండె. దాని అంచుకు పేరు కొట్టిచ్చిన్రు, మనం కొట్టిస్తం జూడు, గట్లనే. వాళ్ల అచ్చరాలు. నాకు మన అచ్చరాలే రావు. లెక్కలు రాసే మున్షీకి సదువొచ్చు, మజ్జిగామె కొడుకు బడికి వోతుండె. ఎవరికి చూపెట్టినా సదివి చెప్తుండిరి." ఎస్తేరమ్మ బొటనవేలు కిటికీ చువ్వను గిన్నె అంచులా తడిమింది. "మూడేండ్లు ఆ గిన్నెలనే తింటి కొడుకా. రోజూ తోముతుంటి. పేరు నా చేతికి తగులుతుండె. ఒక్కనాడు సదవమని ఎవ్వరినీ అడగలే."

ఆమె ఏడుస్తుంటే ఉదయ్ కిరణ్ పాస్‌పోర్టును చొక్కా లోపలి జేబులోకి నెట్టి, ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు.